మడతపెట్టిన వేలంపాట

మా జనరల్ బజారులో చెడ్డ బేరాలు చేసినవాళ్ళకు కొదవ లేదు. చీకిపోయిన గుడ్డ తాను కొన్నవాళ్ళున్నారు, ఒక్క ఉతుక్కే రంగు దిగే సరుకును బేళ్ళకు బేళ్ళు దించుకున్నవాళ్ళున్నారు. కానీ పన్నెండడుగుల వెడల్పున్న బొమ్మను, వేసినవాడు వద్దు వద్దని చెప్పి వెళ్ళినా, దుప్పటిలాగా మడతపెట్టి, ప్రతి మడతనూ అరచేత్తో రుద్ది, నాలుగు కలరా ఉండలు వేసి అటకెక్కించిన మనిషిని సికింద్రాబాదు మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ విషయంలో నాకు పోటీ లేదు. మడతలు ఎంత తిన్నగా వచ్చాయంటే స్కేలు పెట్టి చూసుకోవచ్చు.

మాది తలుపు తెరలు, పరుపు గుడ్డ, కాన్వాసు అమ్మే కొట్టు. నాన్న గద్దె మీద కూర్చునేవాడు, నేను ఆయన పక్కన గజం కడ్డీ పట్టుకుని. అక్షరాలకంటే ముందు నాకు బేరం వచ్చింది. సెకండ్స్ సరుకు అమ్మేటప్పుడు, నేతలో తప్పు కనిపెట్టిన గిరాకీకి నేను చెప్పే మాట ఒకటుండేది: "నాలుగడుగుల దూరం నుంచి కనబడదు." ఆ మాట మీద నేనెన్ని తాన్లు అమ్మానో నాకే తెలియదు.

అలా అమ్మినవాటిలో ఒకటి డ్రాయింగు సారు కొన్న కాన్వాసు. ఆయన తిరుమలగిరి వైపు ఒక మిషన్ బడిలో బొమ్మలు నేర్పేవాడు. అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండవు. తల్లి అదే బడిలో టీచరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. కాన్వాసులో పోగు తప్పిందని చూపించి నా మాట నేను చెప్పబోయాను. ఆయన నవ్వి, "రంగు పూస్తే దగ్గర్నుంచి కూడా కనపడదక్కా, ఇచ్చెయ్యండి" అని అడిగినంత డబ్బూ ఇచ్చి వెళ్ళిపోయాడు. బేరం చెయ్యని మనిషిని చూస్తే నాకు ఆ రోజంతా అన్నం సయించదు. ఇంకో పది ఎక్కువ చెప్పాల్సింది కదా అని.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే, మేము షట్టరు ఎత్తి నీళ్ళు చల్లుతున్న వేళ, సైకిల్ రిక్షా మీద ఒక పొడవాటి చుట్ట కట్టుకుని వచ్చాడు. మా కాన్వాసే. వెదురు బొంగుకు చుట్టి ఉంది. రంగు పూసిన వైపు బయటికి ఉంది. పక్క కొట్టు ఇంకా తెరవలేదు. సందులో ఆ మూల నుంచి ఈ మూల దాకా విప్పి పరిచాడు.

వాళ్ళ చర్చి ఆవరణలో కోత పండుగ బొమ్మ అది. పండిందీ పెంచిందీ దేవుడి పేరున తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారట. బొమ్మలో గుమ్మడికాయలు, అరటి గెలలు, ఒక మేకపిల్ల, చెట్ల నీడ కింద చేతులెత్తిన జనం. ఎడమ పక్కన ఒక నడివయసు ఆవిడ కోడిపెట్టను రెండు చేతులా పైకెత్తి చూపిస్తూ, నోరంతా తెరిచి నవ్వుతోంది. కోడి రెక్క ఆవిడ ముఖానికి తగులుతోంది. ఆ నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చింది. కొట్టు గద్దె మీద ఉన్నప్పుడు నాకలాంటివి రాకూడదు.

"మా అమ్మ," అన్నాడు.

"వేలంల కోడి ఎంతకు పోయింది?" అని అడిగాను. నాకు అడగాలనిపించింది అదే.

"బయట ధరకి పదింతలు. మా వేలంలో ఎవరూ తగ్గించి అడగరక్కా. పెంచుకుంటూ పోతారు."

ధర పెంచుకుంటూ పోయే గిరాకీలు! అలాంటి బజారు ఈ ఊళ్ళోనే ఉండి, ఇన్నాళ్ళూ నాకు తెలియకపోవడం ఏంటని కడుపు మండింది.

ఆయనకు పై చదువుకు వేరే రాష్ట్రంలో సీటొచ్చింది. ఆ పొద్దున్నే బండి. బొమ్మను చర్చి హాల్లో ఒక్కరోజు పెట్టారు, క్రిస్మస్ నాటకానికి గోడ కావాలని తీసెయ్యమన్నారు. వాళ్ళ రెండు గదుల ఇంట్లో పట్టదు. "రెండు వేలు ఇవ్వండక్కా. కాన్వాసు సంగతి తెలిసినవాళ్ళు మీరే. తిరిగొచ్చాక నేనే మళ్ళీ కొనుక్కుంటా."

నాన్న గద్దె మీద నుంచే చూశాడు. "గీ బట్టకు రంగు పూసినంక ఎవడు కొంటడు బిడ్డా? మహా అయితే లారీ మీద కప్పుకోనీకి పనికొస్తది."

నాకు మాత్రం అది కావాలి. రెండు వేలకు కాదు. అందుకని బోణీ మాట ఎత్తాను.

బోణీ అంటే తెలిసిందే కదా, రోజులో మొదటి అమ్మకం. మా కొట్లో బోణీ కాకముందు గల్లాపెట్టె లోంచి రూపాయి బయటికి రాదు. అప్పివ్వరు, ఊరికే ఇవ్వరు, ఏదీ కొనరు. ప్రాణం మీదికొచ్చినా ముందు ఒక గజం గుడ్డైనా తెగాలి. "బోణీ గానియ్యి తమ్మీ, మాట్లాడుకుందాం. జెర కూసో," అన్నాను. ఆయన మెట్ల మీద కూర్చున్నాడు, చుట్టను ఒళ్ళో సగం పెట్టుకుని, స్టేషను వైపు చూస్తూ.

ఆ తర్వాత నేను చేసింది మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. బోణీ కాకుండా చూశాను.

మొదట తెర గుడ్డ కోసం ఒకావిడ వచ్చింది. గజానికి రెట్టింపు చెప్పాను.

"ఏందమ్మా, గిండ్ల బంగారం దారం ఏసిన్రా?"

"ఏసిన్రు."

ఆవిడ నన్నొక చూపు చూసి దిగిపోయింది. తర్వాత మా దగ్గరే ఏళ్ళ తరబడి కొనే పరుపులు కుట్టే ఆయన వచ్చాడు. "పరుపు గుడ్డ లేదన్నా," అన్నాను.

"గా ఎనక ఉన్నదేంది?"

"అది వేరేటోళ్ళది."

"మీ కొట్ల వేరేటోళ్ళ తాన్లు ఎప్పటిసంది పెడుతున్నరు?" అని గొణుక్కుంటూ పోయాడు. మూడో గిరాకీకి అసలు తలెత్తి చూడలేదు. నాన్నకు అర్థం కాక, "ఏమైందే నీకు, జ్వరం గిట్ల వచ్చిందా?" అన్నాడు. నేను మెట్ల మీదికి చూస్తూ ఉన్నాను. డ్రాయింగు సారు చేతి గడియారం చూసుకుంటున్నాడు. కాసేపటికి నిలబడి చూసుకుంటున్నాడు. స్టేషను నుంచి ఏదో బండి కూత వినబడగానే ఆయన భుజాలు బిగుసుకుపోవడం నాకు కనిపించింది. బేరంలో మనిషి భుజాలు చూడమని నాన్నే నేర్పాడు.

"అక్కా, నా బండి టైమైపోతోంది. మీరెంతిస్తారో చెప్పండి."

"అయిదు వందలు. గల్లాలకెళ్ళి తియ్యరాదు, గందుకే నా సొంత పైసలు ఇస్తున్న."

నడుముకున్న సంచిలోంచి అయిదు నోట్లు తీశాను. ఆయన లెక్కపెట్టుకోలేదు. చుట్టను నా చేతుల్లో పెడుతూ, "చుట్టే ఉంచండి. రంగు బయటికే ఉండాలి, లోపలికి కాదు. మడత మాత్రం పెట్టొద్దక్కా. ప్రాణం పోతుంది దానికి," అని రిక్షా ఎక్కాడు. రిక్షా సందు మలుపు తిరిగే దాకా చూసి, పదిహేను వందలు మిగిల్చానని నాన్న ముందు గొప్పలు పోయాను.

ఇక మడత సంగతి. మా కొట్టు వెడల్పే పదడుగులు. ఆ బొంగు నిలబెడితే పైకప్పు రేకుకు తగిలేది, పడుకోబెడితే గిరాకీ కాళ్ళకు అడ్డం పడేది. అన్నిటికీ మించి ఆ రంగు బయటికి ఉండడం నా కళ్ళకు ఓర్వలేని సంగతి. గుడ్డ అంటే సీదా లోపలికి, ఉల్టా బయటికి. మంచి ముఖాన్ని దుమ్ముకు ఆరబెట్టే బజారు ఎక్కడైనా ఉందా? చదువుకున్నవాడే గానీ గుడ్డ సంగతి తెలియదు పాపం అనుకున్నాను. ఒక మధ్యాహ్నం విప్పి, సీదా లోపలికి తిప్పి, నిలువునా ఒకటి, అడ్డంగా మూడు మడతలు పెట్టాను. బొంగు ఖాళీ అయింది కదా, తెరల శాంపిళ్ళు వేలాడేశాను. అమ్మడానికి ఒక ఫంక్షన్ హాలు ఆయన్ని అడిగాను. చర్చిలో వేలం అని చెప్పగానే, "జలపాతం ఏమన్న ఉన్నదా?" అన్నాడు. ఉన్నదల్లా వేలం. అటక మీదే ఉండిపోయింది.

ఎన్నో ఎండాకాలాలు పోయాయి. రేకు కింద అటక మీద ఎండాకాలమంటే ఏంటో చెప్పక్కర్లేదు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. నాన్న జుట్టు పూర్తిగా తెల్లబడింది, గద్దె మాత్రం వదల్లేదు. డ్రాయింగు సారు పెద్ద పేరున్న చిత్రకారుడయ్యాడని పేపర్లో ఆయన ఫొటో చూసి తెలుసుకున్నాను. ఒకరోజు బేగంపేట నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. హోటలు హాల్లో ఆ చిత్రకారుడి బొమ్మలు పెడుతున్నారట. మొదట్లో వేసిన పెద్ద బొమ్మలన్నీ ఒక వరదలో పోయాయట. మిగిలింది మీ దగ్గరిదొక్కటే, వాళ్ళ చర్చివాళ్ళు కాక దాన్ని చూసినవాళ్ళు పదిమంది కూడా లేరు, బాగుంటే రెండు లక్షలిస్తాం అన్నాడు.

రెండు లక్షలు. గద్దె మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

ఫోను చేయి మారింది. "అక్కా, చుట్టే ఉంది కదా?"

అదే గొంతు, కొంచెం బరువెక్కింది.

"ఉంది సార్."

"అమ్మ పోయిందక్కా. ఇంట్లో ఉన్న ఫొటోలన్నిట్లో బడి ఫొటోలో నిలబడ్డట్టే బిగుసుకుని ఉంటుంది. నవ్వింది దీంట్లోనే. రేపు పొద్దున్నే వస్తా."

నాన్న భోజనానికి వెళ్ళగానే అటకెక్కాను. మూట దించి గద్దె మీద పెట్టాను. కలరా ఉండలు ఎప్పుడో కరిగిపోయాయి, వాసన మాత్రం మిగిలింది. మొదటి మడత విప్పితే అప్పడం విరిగినట్టు చప్పుడైంది. చెయ్యి ఆపేశాను. సందులో ఎవరో ఎవరితోనో బేరమాడుతున్నారు, ఆ మాటలన్నీ దూరంగా వినిపిస్తున్నాయి. ఇంకొంచెం ఎత్తాను. గుమ్మడికాయ మధ్యలోంచి తెల్లటి గీత. దాని కింద గద్దె మీద పసుపు రంగు పొలుసులు, గోడ సున్నం రాలినట్టు. రెండో మడతలో మేకపిల్ల కాళ్ళు పోయాయి. అవి పోతే పోయాయి అనుకున్నాను, మేక ఎవరికి కావాలి. ఎడమ పక్కది ఇంకా విప్పలేదు. అక్కడ ఏముందో నాకు తెలుసు. మడత సరిగ్గా ఎక్కడ పడి ఉంటుందో కూడా మనసులో కొలుచుకోగలను, గజం కడ్డీతో బతికినదాన్ని. తప్పు కొలిచి ఉంటే బాగుండునని నా జన్మలో మొదటిసారి అనుకున్నాను.

తప్పు కొలవలేదు. కోడి ఉంది, ఎత్తిన చేతులున్నాయి, కళ్ళున్నాయి. కళ్ళ కింద, నోటి మీదుగా, ఈ చెంప నుంచి ఆ చెంప దాకా మడత. నేను అరచేత్తో రుద్దిన మడత. నవ్వు ఉండాల్సిన చోట వట్టి కాన్వాసు, అందులో తప్పిన ఆ పోగు కూడా కనబడుతోంది. నోటి రంగంతా గద్దె మీద పడి ఉంది.

మా ఇళ్ళల్లో కత్తిరించిన ముక్కలు కూడా పారెయ్యరు. చేతులు వాటంతట అవే ఆ పొలుసుల్ని కాగితంలోకి ఊడ్చి పొట్లం కట్టాయి. బుర్ర మాత్రం వేరే పని చేస్తోంది. శాంపిళ్ళు పీకి పారేసి అదే బొంగుకు బొమ్మను తిరిగి చుట్టాను. ప్రతి చుట్టుకూ పటపటమంటోంది, అయినా చుట్టాను. పైన కొత్త గుడ్డ కప్పి పురికొస కట్టాను. బజారులో బేలు కట్టు విప్పకుండా కొంటారు. డబ్బు చేతిలో పడ్డాక విప్పుకుంటే లోపల ఏమున్నా అమ్మినవాడిది కాదు పూచీ. రేపు డబ్బు ముందు, కట్టు తర్వాత. ఎలకలు, రేకు వేడి, వానకాలం కారిన నీళ్ళు అని మూడు కారణాలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఇంటికెళ్ళి అన్నం కలిపి వదిలేశాను.

మర్నాడు నాన్న దీపం పెడుతుండగానే వచ్చాడు. ఒక్కడే. జుట్టు నెరిసింది. మెట్ల దగ్గర ఆగి అడిగాడు:

"బోణీ అయిందా అక్కా?"

తాళాల గుత్తిని గల్లాపెట్టె మీద పెట్టాను.

"ఆ రోజు మీరు ముగ్గుర్ని పంపించేశారు. మెట్ల మీద కూర్చున్నవాడికి చూడ్డం తప్ప ఇంకేం పనుంటుంది?" కోపంగా అనలేదు. కోపంగా అంటే బేరం ఆడేదాన్ని.

"సార్, ముందుగాల లెక్క చూసుకుందాం. మా బజార్ల కట్టు ఇప్పని మాలుకు..."

ఆయన వినడం లేదు. వంగి, పైనున్న గుడ్డ మీద చెయ్యి పెట్టాడు. అరచెయ్యి చుట్ట పొడవునా నెమ్మదిగా జరిగింది. గుడ్డ కింద గట్టుల్లా లేచిన మడతలు ఒక్కొక్కటీ ఆ చేతికి తగులుతుంటే, ఒక్కొక్క దగ్గరా ఆగింది. నాన్న అగ్గిపుల్ల ఆర్పడం మర్చిపోయి చూస్తున్నాడు.

"మడత పెట్టారా?" తలెత్తలేదు.

ఎలకలు, రేకు, వాన. మూడూ నాలుక చివరే ఉన్నాయి. గల్లాపెట్టె పక్కనే ఆ పొట్లం ఉంది. దాన్ని బయట పెడితే నిన్నే విప్పి చూసుకున్నానని, తెలిసీ చుట్టి కూర్చున్నానని చెప్పినట్టే. రెండు లక్షలు పోయినట్టే. దాచేస్తే ఆ రంగు రేపు చీపురు కిందికి పోతుంది. ఆయన చెయ్యి ఇంకా ఎడమ వైపు మడత మీదే ఉంది.

పొట్లం తీసి ఇచ్చాను.

"ఇదేంటి?"

"మీ అమ్మది సార్. నోటి దగ్గరిది. నిన్న రాలింది. మడత నేనే పెట్టిన, సీదా లోపలికి తిప్పి. చుట్టింది సుత నిన్ననే."

ఆయన పొట్లం విప్పి చూసి, గాలికి పోకుండా మళ్ళీ నేను కట్టినట్టే కట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం కలిసి సందులో పరిచాం, ఆ మొదటిరోజు పరిచిన చోటే. ఈసారి నేను ఒక కొస పట్టుకున్నాను. ఎడమ పక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. కూరల బుట్టతో మోండా మార్కెట్ వైపు నుంచి వస్తున్న ఒకావిడ తొక్కకుండా ఆగి, చుట్టు తిరిగి వెళ్ళింది.

"కళ్ళున్నాయి," అన్నాడు చివరికి.

"ఊరికె తీస్కపోండి సార్. నాకేం వద్దు."

నేను ఆ మాట అనడం విని నాన్న గద్దె మీద నుంచి కేకేశాడు. "బోణీ టైంల ఊరికె ఇచ్చుడేంది బిడ్డా? సార్, తక్లీఫ్ గాకపోతే ఏమన్న చేతుల పెట్టుండ్రి."

"ఊరికే వద్దులెండి," అని ఆయన పర్సు తీశాడు. "ఆ రోజు నేనడిగింది రెండు వేలు. దీని ధర అదే."

"వద్దు సార్. కావాలంటే నేనిచ్చిన అయిదు వందలే ఇయ్యుండ్రి. గంతకన్న ఎక్కువ తీస్కోను."

"రెండు వేలు."

"వెయ్యి! వెయ్యికి ఒప్పుకోండి సార్."

నా గొంతు నాకే వింతగా ఉంది. నేను తగ్గిస్తున్నాను, కొనేవాడు దిగడం లేదు. అది వాళ్ళ పండుగ బేరం. అందులో నేను ఎలా గెలుస్తాను? నేను చెయ్యి చాపలేదని ఆయన నోట్లు నాన్న చేతిలో పెట్టాడు. నాన్న వాటిని కళ్ళకద్దుకుని, గల్లాపెట్టెకు తాకించి, లోపల వేసేశాడు. మా కొట్లో అలా లోపలికి పోయిన బోణీ తిరిగి బయటికి రాదు.

బేగంపేటలో బొమ్మలు పెట్టినప్పుడు మాకూ కార్డు వచ్చింది. నాన్నతో ఆటోలో వెళ్ళాను. తెలిసినవాళ్ళెవరో ఆ పొలుసుల్ని ఒక్కొక్కటీ తిరిగి అతికించారట. దొరికినంత మేర పెదవులు వచ్చాయి. మిగతా చోట కొత్త రంగు వెయ్యడానికి ఆయన ఒప్పుకోలేదని, వట్టి కాన్వాసే ఉంచమన్నాడని చెప్పారు. నాలుగడుగుల దూరంలో నిలబడి చూశాను. మడత కనబడుతోంది. పదడుగులు వెనక్కి జరిగాను. కనబడుతోంది. తలుపు దగ్గరికి పోయి అక్కడి నుంచి చూశాను. నా పక్కన నిలబడ్డ ఒకావిడ, "ఆ గీత కావాలనే వేసినట్టున్నారు, చాలా లోతుగా ఉంది కదండీ?" అంది. నాన్న నావైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూసుకున్నాను. ఆ తర్వాత కొట్లో నాలుగడుగుల మాట చెప్పి ఏదీ అమ్మలేదు. సెకండ్స్ సరుకే దించుకోవడం మానేశాం.

ఇదీ చివరి లెక్క. అమ్మిన ధర రెండు వేలు. కొన్న ధర అయిదు వందలు. ఆ రోజు తిప్పి పంపిన మూడు గిరాకీల మీద రావాల్సిన లాభం రెండు వందలనుకోండి. వాళ్ళలో పరుపులాయన మళ్ళీ మా మెట్లెక్కలేదు, దాన్ని ఇందులో కలపలేదు. బేగంపేటకు పోను రాను ఆటో నూట అరవై. రెండు లక్షలు పోయాయని నాన్న ఇప్పటికీ అంటాడు గానీ, మడతపెట్టిన రోజే అవి నావి కాకుండా పోయాయి కనుక నష్టంలో రాయను. పొట్లంలోకి రాని రంగు, అటక మీదా గద్దె సందుల్లోనూ రాలిపోయింది, ఎంతో నాకు తెలియదు. దానికి ధర కట్టడం రాక ఆ చోటు ఖాళీగా వదిలేశాను. అది పోగా నాకు మిగిలిన లాభం పదకొండు వందల నలభై.